ఎగచేపు

"దీనిక్కూడా ఓ సూది పొడిస్తే సరిపోతుందమ్మా," అన్నాడు మా ఆయన, మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ.

అందరూ నవ్వారు. మా మరిదికైతే పొలమారింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆయన ఖాళీ కంచం మీద మరిది కంచం పెట్టి, రెండూ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పాను. నీళ్ళ చప్పుడులో నా నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నాకే తెలియలేదు. చేతులు మాత్రం కంచాలు తోముతూనే ఉన్నాయి.

"దీనికి" అంటే నాకు. సూది అంటే షెడ్డులో పాలు దించని ఆవులకి పొడిచే సూది. మెడ పక్కన అది పొడిస్తే, కాసేపటికి ఆవు వద్దనుకున్నా పొదుగు వదులైపోయి పాలు జారతాయి. మాది పాల వ్యాపారం. ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒక్క ఇనప గేటే అడ్డం. అవతల ఆవులు, ఇవతల మేము. నేను మాత్రం రెండువైపులా.

మా ఆయన హాస్యాలు నాకు కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో "నిన్ను మీ అక్క దగ్గరికి పంపకుండా గేటుకి తాళం వేసేస్తా" అని నవ్వాడు. అక్క రమ్మని పిలిచిన రోజు పొద్దున్నే లేచి చూస్తే గేటుకి తాళం ఉంది. "ఎప్పుడూ ఆ ఫోనేనా, పేడలో పడేస్తా" అని నవ్వాడు. నా ఫోను పేడగుంటలోనే దొరికింది. నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఆ మాట తనే అందరికీ చెబుతాడు, "ఇంతవరకూ చెయ్యెత్తలేదు" అని, మెడల్ వచ్చినట్టు. ముందు నవ్వుతాడు, తర్వాత చేస్తాడు. అంతే తేడా.

వెనకనుంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "సూదులూ గీదులూ ఎందుకురా. పిల్లని డబ్బా పాల మీద వేసేద్దాం. నా గదిలో పడుకుంటుంది. ఇది హాయిగా షెడ్డు పని చూసుకుంటుంది. పాలివ్వలేనిదాని పక్కన పిల్ల పడుకుని మాత్రం ఏం లాభం?"

"పాలు లేకపోవడమేంటమ్మా! దించట్లేదు. ఆ కాటుకలాగే దీనికీ పొగరు," అన్నాడాయన. "రేపు పశువుల డాక్టరమ్మ వస్తోందిగా. దాని సంగతి తేలాక దీని సంగతి చూద్దాం. సూదికి రాకపోతే అప్పుడు పిల్ల నీ గదిలోనే."

నా పిల్ల సంగతి అలా తేలిపోయింది, నేను గిన్నెలు తోముతుండగా.

కాటుక మా షెడ్డులో తొలిచూలు ఆవు. కళ్ళ చుట్టూ నల్లటి గీత ఉంటుంది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. అది పుట్టినప్పుడు కడుపు కింద నాలుగు చన్నులు బియ్యపు గింజల్లా ఉండేవి. వేలితో తడిమితేగాని దొరికేవి కావు. తల్లి దగ్గర్నుంచి విడదీసి తెచ్చి, నా వేలు దాని నోట్లో పెట్టి, ఆ వేలిని పాల బకెట్లో ముంచి తాగడం నేర్పాను. అది పెయ్యగా ఎదుగుతున్నప్పుడు మా ఆయనకి తొందర. దాణా తెగ మేపి, తొందరగా చూడి కట్టించి, తొందరగా పాలు పిండాలని. అంతకుముందు ఎప్పుడో డాక్టరమ్మ షెడ్డుకి వచ్చినప్పుడు ఓ మాట చెప్పింది. ఎదిగే వయసులో పెయ్యని మరీ కొవ్వెక్కేలా మేపితే, పొదుగులో పాలు పుట్టాల్సిన చోట కొవ్వు కూర్చుంటుందట. చూడ్డానికి పెద్ద పొదుగే, లోపల సరుకుండదట. ఆ మాట ఆయన చెవిలోంచి జారిపోయింది, నాలో ఉండిపోయింది. రోజూ ఆయన పోసిన దాణాలోంచి రెండు దోసిళ్ళు తీసి పక్క ఆవులకి వేసేదాన్ని. "నా పెయ్యని మాడుస్తున్నావే" అని ఓసారి గమనించి అరిచాడు. మర్నాటి నుంచి ఆయన అటు తిరిగాక తీసేదాన్ని.

అది చూడి కట్టిన కొన్నాళ్ళకే నేనూ నీళ్ళోసుకున్నాను. "ఇంట్లో రెండు తొలిచూళ్ళురోయ్" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. ఆడవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. నేను వంగి దాని పొదుగు తడుముతుంటే లోపల గట్టిగా, చెట్టు వేళ్ళు తన్నుకున్నట్టు తగిలేది. చూడిలో ఉన్నప్పుడే అక్కడ అసలు పని జరుగుతుందట. గొట్టాలు కొమ్మలు వేస్తాయి, కొమ్మల చివర ద్రాక్షగుత్తుల్లా సన్నటి సంచులు పడతాయి, ఆ సంచుల్లో పాలు పుడతాయి. ఒక్కోసారి ఒక చెయ్యి దాని కడుపు మీద, ఇంకో చెయ్యి నా కడుపు మీద పెట్టుకుని నిలబడేదాన్ని. షెడ్డులో ఎవరూ లేనప్పుడే. "దానికి పొదుగు దిగింది చూడు, నీకేదీ?" అని ఆయన అడిగిన రోజు నుంచి అదీ మానేశాను.

అది ఈనింది. నేనూ కన్నాను. మా ఇద్దరికీ ఆడపిల్లలే.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నాకు పాలు పడ్డాయి. నర్సు "నీకేం భయం లేదమ్మా, ఇద్దరికి సరిపోతాయి" అంది. ఇంటికి వచ్చిన సాయంత్రం నడిమి గదిలో గోడకి ఆనుకుని పిల్లకి పడుతున్నాను. ఆయన లోపలికి వచ్చాడు. ఆయన చేతిలో ఎప్పుడూ ఓ నల్లటి రబ్బరు గొట్టం ముక్క ఉంటుంది. పాలు పితికే మిషనుదే, పాతబడి తీసేసిన ముక్క. నడిచేటప్పుడు దాన్ని తొడ మీద కొట్టుకుంటూ నడుస్తాడు. షెడ్డులోనైతే కమ్మీల మీద. టప్, టప్, టప్. నా మీదుగా నిలబడి, ఆ గొట్టం ఆడిస్తూ, "ఎంత తాగింది?" అన్నాడు.

"తాగుతోందండీ."

"అది కాదు. ఎంత తాగిందో ఎలా తెలుస్తుంది? మిషనుకైతే మీటరుంటుంది."

పిల్ల అప్పటిదాకా గుటకలు వేస్తున్నది ఒక్కసారి వదిలేసి ఏడ్చింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ ఏడ్చింది. మర్నాడు ఆయన చేత్తో నొక్కే పంపు ఒకటి కొనుక్కొచ్చాడు. రోజూ పొద్దున టిఫినుకి ముందు నేను వాళ్ళమ్మ ఎదురుగా కూర్చుని దాంతో తీయాలి. ఆయన ఆ సీసా కిటికీ వెలుగులో పెట్టి, కనుబొమ్మలెగరేసి, "ఇంతేనా?" అనేవాడు. మా అత్తగారు నాలుక చప్పరించేది. ఆ "ఇంతేనా" విన్నకొద్దీ సీసాలో గీత కిందికి దిగుతూ వచ్చింది. ఇప్పుడు అడుగున తడి తప్ప ఏమీ ఉండదు. పిల్ల నా గుండెల మీద ఏడ్చి ఏడ్చి నిద్రపోతోంది. పాలు లేవని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. నేనో ఒట్టిపోయిన ఆవునని.

కాటుక కథా అంతే. ఈనిన మర్నాడు మొదటిసారి మిషను పెట్టేటప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు. అది కొత్త, గచ్చు తడి, కాళ్ళు జారుతున్నాయి. కాస్త ఆలస్యమయ్యేసరికి చేతిలోని రబ్బరు గొట్టంతో డొక్కలో చురుక్కుమనిపించాడు. అది ఎగిరి తన్నింది. మిషను కప్పులు గోడకి కొట్టుకున్నాయి. ఆ రోజు నుంచి అది ఎగచేపడం మొదలెట్టింది. పొదుగు నిండుగానే ఉంటుంది, చన్నులోకి మాత్రం చుక్క రానివ్వదు, పైకి లాగేసుకుంటుంది. దాన్నే మేము ఎగచేపడం అంటాం. ఆయన సూది తీశాడు. అప్పట్నుంచి పూటపూటా సూదే. సూది పడ్డాక దాన్ని చూడాలి. నడుము వంచుకుని, తోక బిగదీసుకుని, కళ్ళు ఎటో పెట్టి నిలబడుతుంది. పాలు కారుతుంటాయి. ఆ పాలతో తనకి సంబంధం లేనట్టు ఉంటుంది.

కంచాలు తోమేశాను. తడి చేతులు తుడుచుకుని, పిల్లకి వేసే చుక్కల మందు కోసం ఫ్రిజ్ తలుపు తీశాను.

ఆవులకి పొడిచే మందు సీసా షెడ్డులో ఉండే చిన్న ఫ్రిజ్‌లో ఉండాలి. కోడిగుడ్ల పక్కన, మా వంటింటి ఫ్రిజ్ తలుపులో ఉంది. మందు చూసి అంత కంగారు పడలేదు, అక్కడ చోటు లేక పెట్టాడేమో అనుకున్నాను. దాని పక్కన కాయితం కవరులో కొత్త సిరంజి ఉంది. బయటికి తీసి వెలుగులో పెట్టి చూశాను.

సూది సన్నగా ఉంది. వెంట్రుకంత.

ఆవుకి వాడే సూది ఎంత లావుంటుందో నా వేళ్ళకి తెలుసు. రోజూ వాటిని మరిగించేది నేనే. ఈ సన్న సూదిని ఆవు తోలు మీద పెడితే వంగిపోతుంది. ఇది ఆవు కోసం కొన్నది కాదు. మెడికల్ షాపుకి వెళ్ళి, మనిషికని చెప్పి, అడిగి తెచ్చింది. అంటే భోజనాల దగ్గర వేసిన హాస్యం భోజనాల దగ్గర పుట్టింది కాదు. ముందే కొని పెట్టుకుని, తర్వాత నవ్వాడు.

ఫ్రిజ్ తలుపు పట్టుకునే నిలబడ్డాను. చల్లటి గాలి మెడకి తగులుతోంది, ఒంటికి మాత్రం చెమట. ఆ సీసాలో ఉన్నది ఆవు బరువుకి లెక్కగట్టిన మందు. ఆయన దేన్నీ కొలిచి పొయ్యడు, "ఓ సూది" అంటాడు, అంతే. నాకింకా లోపల పచ్చి ఆరలేదు. కాటుక నడుము వంచుకుని నిలబడే తీరు కళ్ళముందుకొచ్చింది. అరవాలంటే ఎవరి పేరు పెట్టి అరవను? ముందు గదిలో నా మీద నవ్విన ముగ్గురూ ఇంకా కూర్చునే ఉన్నారు.

"ఏమే, మందు దొరికిందా లేదా? పిల్ల ఏడుస్తోంది," మా అత్తగారి కేక.

"ఆఁ, వస్తున్నానత్తయ్యా."

సిరంజి యథాస్థానంలో పెట్టేశాను. ఆ సాయంత్రమంతా ఆయన వంటింటి వైపు వచ్చినప్పుడల్లా నా చేతిలో ఏదో ఒకటి జారిపోయింది. ఓ గ్లాసు పగిలింది. "నీ చేతులకేమైందే" అంది అత్తగారు. ఏం చెప్పను? పొద్దున లేచీ లేవగానే ఫ్రిజ్ తీసి, ఆ కవరు నా షెడ్డు ఏప్రాన్ జేబులో వేసుకున్నాను. దాంతో ఏం చేస్తానో తెలియదు. అది ఆయన చేతిలో కాకుండా నా దగ్గరుంటే చాలనిపించింది. ఇంకోటి కొనలేడా? కొంటాడు. కానీ కొని తెచ్చేదాకా ఓ పూట గడుస్తుంది కదా. అంత దూరమే చూడగలిగాను.

డాక్టరమ్మ పాత జీపులో వచ్చింది. జుట్టు సగం నెరిసింది, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మాట కరుకు. మా ఆయన ఆవిడ ముందు "మేడమ్, మేడమ్" అని వంగి వంగి మాట్లాడుతుంటే, రబ్బరు గొట్టం వెనక చేతిలో ఊగుతోంది.

"సూది పని చెయ్యట్లేదు మేడమ్. డోసు పెంచాల్సొస్తోంది. గట్టి మందేదైనా రాయండి."

"ఈ సూది నేను రాసిచ్చింది కాదే. ఎక్కడిది?" అందావిడ. జవాబు కోసం ఆగలేదు. కాటుక పక్కన గొంతుక్కూర్చుని పొదుగంతా తడిమింది. నాలుగు చన్నుల్లోంచీ నాలుగు ధారలు నల్లటి పళ్ళెంలోకి పిండి చూసింది. ముక్కలు లేవు, నీరు లేదు. వాపు లేదు. "పొదుగు బంగారంలా ఉంది. దీన్నెవరు పెంచారు?"

"మేమేనమ్మా," అంది గేటు దగ్గర పిల్లని ఎత్తుకుని నిలబడ్డ అత్తగారు.

"పొదుగులో పాలుండటం వేరు, దించడం వేరు," అంది డాక్టరమ్మ లేస్తూ. "దూడ మూతో, గోరువెచ్చటి చెయ్యో తగిలితే ఆ కబురు తలకాయకి పోతుంది. అక్కణ్ణించి నెత్తుట్లో ఓ మందు బయల్దేరి పొదుగుకి వస్తుంది. అదొచ్చి పిండితేనే పాలు కిందికి జారతాయి. ఈలోగా పశువు బెదిరిందనుకోండి, నెత్తుట్లో ఇంకోటి కలుస్తుంది. పారిపోవడానికి కాళ్ళకి బలమిచ్చేది. అది ఉన్నంతసేపూ ఇది పని చెయ్యదు. బెదురు పోయాక కూడా కాసేపు పడుతుంది. సరే, ఎవర్ని చూసి బెదురుతోందిది?"

నేను తడి గచ్చు వైపు చూస్తున్నాను.

"బెదురేంటి మేడమ్, పొగరు," అన్నాడు మా ఆయన.

"పశువుకి పొగరుండదు సార్. అది మన జాతి సొత్తు," అందావిడ. మా మరిది కిసుక్కుమని, అన్న మొహం చూసి ఆపుకున్నాడు. "అందరూ బయటికి నడవండి. రోజూ దీన్ని కడిగేదెవరు?"

"నేనండీ."

"నువ్వుండు. మిగతావాళ్ళు ఇంటి దగ్గరుండండి. సార్, మీరూ."

ఆయన కదలడానికి కాస్త సమయం తీసుకున్నాడు. నా వైపు ఓ చూపు చూసి, గేటు దాటి ఇంటివైపు నడిచాడు. టప్, టప్. ఇంట్లోకి వెళ్తున్నాడు. వంటింట్లోకి వెళ్తాడు. ఫ్రిజ్ తీస్తాడు. జేబులో కవరు నా తొడకి తగులుతోంది.

"వింటున్నావా అమ్మా? నీళ్ళు తే అంటున్నా."

తెచ్చాను. దూడని తెచ్చి కాటుకకి కనబడేలా కట్టేశాను. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి పొదుగు తుడవడం మొదలెట్టాను. నా బెదురు దానికి తెలిసినట్టుంది, చర్మం ఓసారి జలదరించింది. "ఏం లేదే, నేనే. నేనేలేవే తల్లీ," అన్నాను. దానితో అన్నానో, నాతో అన్నానో. షెడ్డులో ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు గమనించాను. ఎక్కడా ఆ చప్పుడు లేదు. పక్క ఆవు నెమరు వేస్తోంది. తొట్టిలో నీళ్ళు కారుతున్నాయి. నా భుజాలు చెవుల దాకా ఎత్తి పెట్టుకుని ఉన్నానని, అవి కిందికి దిగాకే తెలిసింది. ఎన్నాళ్ళ నుంచి అలా ఎత్తి పెట్టుకుని తిరుగుతున్నానో! కాటుక తల వంచింది. కాలు కాస్త ఎడంగా పెట్టింది. నా చేతి కింద చన్నులు మెల్లగా నిండాయి, బిగిశాయి, ఒకదాని కొసనుంచి ఎవరూ పిండకుండానే ఓ చుక్క రాలింది. తర్వాత ఇంకోటి. తర్వాత ధార.

"చేపింది," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "చూశావా, ఏ సూదీ లేదు."

దూడ ఆకలితో అరిచింది. సన్నటి, చీలిపోయే గొంతు. నా గుండెల్లో సూదులు గుచ్చినట్టు చురుక్కుమంది. తర్వాత వెచ్చగా. బకెట్లో నీళ్ళు మీద పడ్డాయేమో అనుకున్నాను. చూసుకుంటే ఏప్రాన్ రెండు పక్కలా తడిసి, ఆ తడి పాకుతోంది. బకెట్టు నాకు దూరంగా ఉంది. నీళ్ళు కావు.

డాక్టరమ్మ చూసింది. కళ్ళు తిప్పుకోలేదు, నవ్వలేదు. "చంటిపిల్లా?"

"ఆఁ అండీ. కానీ నాకు పాలు లేవండీ."

"ఎవరన్నారు?"

నోరు తెరిచాను. ఎవరన్నారు? అందరూ. నేనూ. కిటికీ వెలుగులో పెట్టిన ఆ సీసా. చెయ్యి పెట్టి ఏప్రాన్ నొక్కుకున్నాను, ఆగలేదు. వేళ్ళ సందుల్లోంచి కారింది. ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఇవి ఎక్కడున్నాయి? నా పిల్ల నా మీదే పడుకుని ఆకలితో ఏడుస్తుంటే, ఇవి నాలోనే ఉన్నాయా?

టప్.

ఇంటి గుమ్మం దగ్గర. టప్, టప్. మెట్లు దిగాడు. గేటు కమ్మీల మీద గొట్టాన్ని ఆ చివర్నుంచి ఈ చివరికి లాగాడు. కాటుక చెవులు వెనక్కి పడ్డాయి. నా చేతిలో నిండుగా ఉన్న చన్ను చేతిలోనే మెత్తబడిపోయింది. ధార తెగింది. అదే క్షణంలో నా లోపల కూడా ఏదో బిగుసుకుని, వెచ్చదనమంతా వెనక్కి పీల్చేసుకుంది. ఎవరో తాడు పట్టి పైకి లాగినట్టు. మేమిద్దరం ఒకే చప్పుడికి ఎగచేపాం.

"ఏయ్! ఫ్రిజ్ డోరులో పెట్టిందేదే? ఎవరు తీశారు?" గేటులో నిలబడి అడిగాడు. వెనకాల మరిది, అతని వెనక పిల్లతో అత్తగారు.

"ఏం పోయింది సార్?" అంది డాక్టరమ్మ.

"ఏం లేదు మేడమ్. పశువుల మందు. ఇది ఎక్కడో పడేసినట్టుంది, బాలింత మతిమరుపు." నవ్వాడు. నాకు తెలుసు ఆ నవ్వు. ముందు నవ్వు.

ఇప్పుడు కనక డాక్టరమ్మ సంచి సర్దుకుని వెళ్ళిపోతే, ఆ జీపు మలుపు తిరిగిన మరుక్షణం నాకేం జరుగుతుందో తెలుసు. మాట్లాడినా అదే జరగచ్చు, ఇంకా ఎక్కువ కూడా. కాళ్ళు పారిపొమ్మంటున్నాయి. డాక్టరమ్మ చెప్పిన ఆ రెండో మందేదో కాళ్ళల్లోకి దిగుతున్నట్టే ఉంది. పారిపోలేదు. జేబులోంచి కవరు తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

"పశువుల మందు పక్కన ఇది పెట్టారండీ. ఈ సూది ఏ పశువుకి దిగుతుందో మీరు చెప్పండి."

ఆవిడ కవరు చింపలేదు. వెలుగులోకి ఎత్తి, సూది వైపు, నా తడిసిన ఏప్రాన్ వైపు, ఆయన వైపు చూసింది.

"సరదాకి అన్నాడొదినా అన్నయ్య," అన్నాడు మరిది. గొంతులో సరదా లేదు. సూది నిజంగా కొన్నాడని అతనికీ ఇప్పుడే తెలిసినట్టుంది.

"దీని పని దీన్ని చేసుకోనివ్వండి మేడమ్. మీరు ఆవుని చూడండి," అన్నాడు మా ఆయన. ఈసారి నవ్వలేదు.

"ఆవుని చూశాను," అందావిడ. "ఎవర్ని చూసి బెదురుతోందని ఇందాక అడిగాను. ఎవరూ చెప్పలేదు."

"ఈయన్ని చూసేనండీ," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ అన్నాను. "ఈయన్ని చూసే. మేమిద్దరం."

గొట్టం ఆగిపోయింది. షెడ్డులో ఆవులన్నీ తలలెత్తాయి. చెయ్యెత్తనివాడు ఇవాళ ఎత్తుతాడని అనుకున్నాను. కళ్ళు మూసుకోలేదు, మూసుకుంటే ఎటునుంచి వస్తుందో తెలియదు కదా.

డాక్టరమ్మ తొందరపడలేదు. బకెట్లో చేతులు కడుక్కుంది. కవరు తన చొక్కా జేబులో పెట్టుకుని బొత్తాం పెట్టింది. "ఆ మందుతో, ఈ సూదితో మీరేం చెయ్యబోయారో నాకు అర్థమైంది సార్. ఇంకెవరికైనా అర్థమయ్యేలా చెప్పాల్సొస్తే చెబుతాను. ఆ ఆవుకి కూడా ఇంక సూది పొడవద్దు. పక్కకి జరగండి," అంటూ గేటులోకి నడిచింది. ఆవిడకి ఆయన దారిచ్చాడు. ఆవిడ నీడలోనే, ఆవిడ వీపుకి అతుక్కుపోయినట్టు నేనూ ఆ గేటు దాటాను. దాటేటప్పుడు రబ్బరు వాసన తగిలింది.

అత్తగారి ముందు చేతులు చాపాను. ఇవ్వదనుకున్నాను. పిల్లని ఇంకా గట్టిగా హత్తుకుంది. తర్వాత నా ఏప్రాన్ మీద తడి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎక్కడికే?"

"అక్క దగ్గరికత్తయ్యా."

"అమ్మా, ఇవ్వకు దాన్ని!" అన్నాడు ఆయన వెనకనుంచి.

ఆవిడ కొడుకు వైపు చూడలేదు. పిల్ల తలకింద చెయ్యి జాగ్రత్తగా మార్చి నా చేతుల్లో పెట్టింది. చాలా మెల్లగా, నాకొక్కదానికే వినబడేలా అంది. "మీ మామగారు గేటు తీసిన చప్పుడు వింటే నాకూ ఇంతే. పాలు లేవనుకున్నాను. ఇన్నేళ్ళూ లేవనే అనుకున్నానే."

బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్ళలేదు. వెళ్తే తలుపు మూసుకుంటుందని భయం. ఏప్రాన్‌తోనే డాక్టరమ్మ జీపెక్కాను. షెడ్డులోంచి కాటుక అరిచింది. దాన్ని తేలేను. రేపటినుంచి దాన్ని ఎవరు కడుగుతారో తెలియదు. ఆ అరుపుకి జవాబు చెప్పకుండా కూర్చోవడం, సూది మాట చెప్పడం కంటే కష్టమైంది.

జీపు కదిలింది. వెనక ఆయన గేటుని కొడుతున్నాడు, ఇనుము మీద రబ్బరు. టప్, టప్, టప్. పిల్ల మూతితో వెతుక్కుని రొమ్ము పట్టుకుంది. లాగింది. ఏమీ రాలేదు. మళ్ళీ లాగి, నా మొహంలోకి చూసి ఏడ్చింది. ఆ పాత భయం తిరిగొచ్చింది. ఒకవేళ ఆయన చెప్పిందే నిజమైతే? షెడ్డులో కారినవే ఆఖరి చుక్కలైతే?

డాక్టరమ్మ అద్దంలోంచి చూసింది. "పక్కకి ఆపనా అమ్మా? కుదురుగా కూర్చుని పడతావా?"

పిల్లని భుజానికెత్తుకుని వెనక్కి చెవి పెట్టి విన్నాను.

"ఇక్కడొద్దండీ. ఆ చప్పుడు ఇంకా వినబడుతోంది. ఇంకొంచెం దూరం పోనివ్వండి."